మూడు లక్షలు, బావ లిస్టు: రేపటి వస్తువుల్లో ఇవాళ ఏది కొనాలి, దేనికి ఆగాలి

మా అక్కావాళ్లది చిత్తూరు. బావ పోయిన ఏడాది రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో ఇంటి రిపేరు, పిల్లలకు ఇవ్వాల్సింది, బ్యాంకులో వేయాల్సింది అన్నీ పోను మూడు లక్షలు పక్కన పెట్టుకుని ఒక ఆదివారం తిరుపతికి మా ఇంటికొచ్చారు. "ఏమబ్బా, ఇది కొత్త టెక్నాలజీకి. రేపు అందరిళ్లలో ఉండేది మనింట్లో ఇవాళే ఉండాల. లిస్టు రాసినా, నువ్వు చూసి చెప్పు" అని చేతిలో ఒక కాగితం పెట్టారు. సోలారు, కొత్త రకం బ్యాటరీ, కరెంటు స్కూటరు, సూది గుచ్చకుండా షుగర్ చూసే ఉంగరం, ఏఐ కళ్లజోడు, ఇంటిపని చేసే రోబో, గాలిలోంచి నీళ్లు తీసే మిషను, తోటకు డ్రోను. చివర్లో కొశ్చన్ మార్కు పెట్టి ఎగిరే టాక్సీ.

నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. అందుకని లెక్క వేసి చెబుతానని ఆయన నమ్మకం. లెక్క వేశాను. కానీ లెక్క కంటే ముందు ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగమన్నాను. కరెంటు పోతే ఇది ఏమవుతుంది? నెట్ పోతే ఏమవుతుంది? దీన్ని చేసిన కంపెనీయే పోతే ఏమవుతుంది?

మూడో ప్రశ్నకు బావ నవ్వారు. నవ్వాల్సిన విషయం కాదు. హ్యూమేన్ అనే అమెరికా కంపెనీ 2024లో చొక్కాకు తగిలించుకునే ఏఐ పిన్ తెచ్చింది. ధర 699 డాలర్లు, పైన నెలనెలా చందా. ఫోనుకు రోజులు చెల్లాయని ఊదరగొట్టారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ ఆస్తుల్ని హెచ్‌పీ కొనేసింది, 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆపేశారు, కొన్నవాళ్ల చొక్కాకు బిళ్ల మిగిలింది. పిల్లలతో కబుర్లు చెప్పే మాక్సీ అనే బొమ్మ రోబోదీ అదే కథ. 799 డాలర్లు పెట్టి కొన్న తల్లిదండ్రులకు 2024 డిసెంబరులో కంపెనీ మూతపడుతోందని కబురొచ్చింది. వస్తువు మన ఇంట్లో, దాని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో అన్నమాట.

సోలారు: ఇప్పుడే, కానీ ఏ రకం?

నిజానికి ఈ ప్రాంతానికి సూర్యుడితో పని చేయించుకోవడం కొత్త కాదు. తిరుమలలో నిత్యాన్నదానానికి ఎండతో ఆవిరి పుట్టించి వండే ఏర్పాటు 2002లోనే వచ్చింది. ఇంటి మిద్దె మీదికి రావడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకు మించితే 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు. ఒక కిలోవాట్‌కు మిద్దె మీద వంద చదరపు అడుగుల జాగా కావాలి, రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి.

ఇది అందరికీ లాభమా? కాదు. మీ బిల్లు చూసుకోండి. మన దగ్గర స్లాబులు ఎక్కేకొద్దీ రేటు పెరుగుతుంది: మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖర్చు మూడు వందల చిల్లర. ఆ ఇంటికి సోలారు పెడితే పెట్టుబడి తిరిగొచ్చేసరికి మనవళ్లు పెద్దవాళ్లవుతారు. బావ ఇంట్లో ఏసీ, బోరు మోటరు, అన్నీ కలిపి నెలకు 350 యూనిట్లు. అంటే 2,100 రూపాయలు, పైన ఇతర చార్జీలు వేరే. మూడు కిలోవాట్లకు సబ్సిడీ పోను లక్షా ఇరవై వేలు అవుతుందని కొటేషన్ ఇచ్చారు. ఐదేళ్లలో తేరుకుంటుంది, ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ. నెలకు 200 యూనిట్లు దాటని ఇళ్లు తొందరపడక్కర్లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, కరెంటు పోతే? ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మా ఇంటికి పెట్టిన కుర్రాడు "సార్, ఇక మీకు కరెంటు కోతే లేదు" అన్నాడు. నవంబరులో ఒకరోజు గాలివానకు లైను తెగింది. మరునాడు పొద్దునకు వాన వెలిసి ఎండ కాస్తోంది, లైను మాత్రం ఇంకా బాగు కాలేదు. మిద్దె మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు తళతళలాడుతున్నాయి, కింద ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. ఫోన్ చేస్తే "ఆన్‌గ్రిడ్ అంతే కదా సార్" అన్నాడు. వీధి లైనుకు కలిపి నడిచే సోలారే ఆన్‌గ్రిడ్. వాడు చెప్పింది నిజమే, కానీ చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు లేకపోతే తానూ ఆగిపోవాలి. లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మనింటి సోలారే షాక్ కొడుతుంది. ఈ ఆగడం దాని లోపం కాదు, ధర్మం.

కాబట్టి పోల్చాల్సింది ఏ బ్రాండు ప్యానెల్ అని కాదు, ఆన్‌గ్రిడ్డా హైబ్రిడ్డా అని. హైబ్రిడ్ ఇన్వర్టర్‌కు ఖర్చు ఎక్కువ. కానీ దానికి బ్యాటరీ ఇవాళ కాకపోతే రెండేళ్ల తర్వాత తగిలించుకోవచ్చు, అప్పుడు లైను పోయినా ఇల్లు దాని మీద నడుస్తుంది. మీ వీధిలో కరెంటు ఏడాదికి పదిసార్లు, అదీ గంటలోపే పోతుంటే ఆన్‌గ్రిడ్ చాలు, పాత ఇన్వర్టరు బ్యాటరీ అలాగే ఉంచుకోండి. తోట దగ్గర ఇల్లయితే హైబ్రిడ్డే.

"ఇంకో రెండేళ్లు ఆగితే పెరోవ్‌స్కైట్ ప్యానెళ్లు వస్తాయంట గదా?" అన్నారు బావ. వస్తాయి, వస్తున్నాయి. మామూలు ప్యానెళ్లలో ఉండే సిలికాన్ మీద, ఎండను ఇంకొంచెం పట్టుకునే పెరోవ్‌స్కైట్ పొర వేసిన ప్యానెళ్లను ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ 2024లో అమ్మడం మొదలుపెట్టింది. పడిన ఎండలో 24.5 శాతం కరెంటుగా మారుస్తాయి. ఇప్పుడు బజార్లో మామూలుగా దొరికేవి 22 శాతం దాకా ఉన్నాయి. మూడు కిలోవాట్లకు ఈ తేడా వల్ల మిగిలేది పదిహేను చదరపు అడుగులు, వడియాలు ఆరబెట్టుకునే మంచమంత జాగా. దానికోసం రెండేళ్ల బిల్లు కట్టడం దండగ. మన ఎండకు చూడాల్సింది వేరే ఉంది. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ వేడి ఒక్కో డిగ్రీకి దాని శక్తి సుమారు 0.3 నుంచి 0.35 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఎనిమిదో వంతు పోయినట్టే. అందుకే కాగితం మీద ఆ టెంపరేచర్ కోఎఫిషియెంట్ ఎంతో అడగండి, సున్నాకు దగ్గరున్నది తీసుకోండి. ప్యానెళ్లకూ మిద్దెకూ మధ్య గాలి ఆడేలా ఎత్తులో బిగించమనండి.

బ్యాటరీ: మూడు తరాలు ఒకే బజార్లో

బ్యాటరీల సంగతి మన తిరుపతి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. కరకంబాడి అమరరాజా పుణ్యమా అని సగం ఊరికి యాసిడ్ నీళ్ల బ్యాటరీ గురించి తెలుసు. లిథియం సెల్ కూడా ఇక్కడిదే ఉంది. మునోత్ కంపెనీ 165 కోట్లతో కట్టిన ఫ్యాక్టరీని 2022లో దేశంలో మొదటి లిథియం సెల్ ఫ్యాక్టరీగా ఇక్కడే చూపించారు.

ట్యూబులర్ లెడ్ బ్యాటరీ చవక, ఎక్కడైనా బాగుచేస్తారు, పాతది తూకానికి ఇస్తే డబ్బులొస్తాయి. కానీ సగానికి మించి వాడితే త్వరగా చస్తుంది, నీళ్లు పోయాలి, నాలుగైదేళ్లకు మార్చాలి. లిథియంలో ఇంటికి పనికొచ్చేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే ఎల్‌ఎఫ్‌పీ రకం. ఎనభై తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, రోజూ నింపి ఖాళీ చేసినా పదేళ్ల మాట. ఐదు యూనిట్లు పట్టేదానికి లక్ష పైచిలుకు చెబుతున్నారు.

మూడోది బావ లిస్టులో ఉన్న సోడియం అయాన్. ఉప్పులో ఉండే సోడియమే కాబట్టి లిథియంలా దేశాలు పట్టుకుని వెతకాల్సిన పని లేదు. చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లో చూపించింది, 2025లో రెండో తరం తెచ్చింది. బరువుకు తగ్గ కరెంటు లిథియం కంటే కొంచెం తక్కువే పట్టినా, గోడ పక్కన కదలకుండా కూర్చునే ఇంటి బ్యాటరీకి బరువుతో పనేముంది? దాని పెద్ద గొప్ప గడ్డకట్టే చలిలోనూ పనిచేయడం. చిత్తూరులో మనకు ఆ గొప్పతో పని లేదు. ధర దిగాకే కొనాలి. నా సలహా: ఇంట్లో ఉన్న ట్యూబులర్ బతికున్నంతకాలం వాడండి. అది పోయిన రోజున ఎల్‌ఎఫ్‌పీ, సోడియం రెండింటి ధరా పక్కపక్కన పెట్టి చూడండి. ఇవాళే తప్పదంటే ఎల్‌ఎఫ్‌పీ.

స్కూటరుతో కొండెక్కగలమా?

కరెంటు స్కూటరు ఇంకా భవిష్యత్తు వస్తువేమీ కాదు, 2022 నుంచి ఘాట్ రోడ్డులో ఆర్టీసీ కరెంటు బస్సులే తిరుగుతున్నాయి. అయినా బావ భయం బావది: "నేనూ మీ అక్కా ఎక్కితే మధ్యలో ఆగిపోదు గదా?"

లెక్క చూడండి. తిరుపతి సముద్రమట్టానికి 150 మీటర్ల పైచిలుకు, తిరుమల 850 మీటర్ల పైన. ఎక్కేది దాదాపు 700 మీటర్లు. బండీ మనుషులూ కలిపి 250 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికి కావాల్సింది అర యూనిట్ కరెంటు. అంతే! రోడ్డు రాపిడి, గాలి, మోటరు వేడి అన్నీ కలుపుకున్నా ఒక యూనిట్ అటూఇటూ. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న బండికి మూడో వంతు. దిగేటప్పుడు బ్రేకు పట్టినప్పుడల్లా కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. ఒక్క జాగ్రత్త: కొండ మీద నూటికి నూరు చార్జ్ చేసి దిగొద్దు. నిండిన బిందెలో నీళ్లు పట్టనట్టే, నిండిన బ్యాటరీ ఆ కరెంటు తీసుకోదు. అప్పుడు పెట్రోలు బండి ఇంజను పట్టులా బండిని నిదానం చేసే మోటరు పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

సాలిడ్ స్టేట్ బ్యాటరీ (లోపల ద్రవం బదులు గట్టి పదార్థం ఉండేది) బండ్ల కోసం ఆగాలా అంటే, పెద్ద కార్ల కంపెనీలే ఇంకా ముందుకు గడువులు చెప్పుకుంటున్నాయి. మన స్కూటరు దాకా దిగడానికి చాలా టైం ఉంది. బావ పాత పెట్రోలు బండి ఇంకా బాగుంది కాబట్టి ఈసారికి వద్దన్నాను.

షుగర్ ఉంగరమా, చేతి మీది బిళ్లా?

ఈ ఒక్కదాంట్లో నేను గట్టిగా మాట్లాడాను. సూది లేకుండా, చర్మం గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు ఆన్‌లైన్లో రెండు మూడు వేలకు దొరుకుతున్నాయి. వాటిని నమ్మొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. చర్మం దాటకుండా షుగర్ కొలిచే ఏ వాచీకీ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని చెప్పింది. తప్పు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మంచి ఉంగరాలు ఉన్నాయి, కానీ అవి చూసేది నిద్ర, గుండె వేగం, ఒంటి వేడి. వాటికి కొనుక్కోండి, షుగర్‌కు కాదు.

నిజంగా పనిచేసేది సీజీఎం. రూపాయి బిళ్లంత సెన్సారు, జబ్బకు అంటిస్తే వెంట్రుకంత తీగ చర్మం కిందికి వెళ్తుంది. రెండు వారాలు రాత్రీ పగలూ షుగర్ గీత ఫోనులో కనిపిస్తుంది. అది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే నీటిని. అందువల్ల అసలు షుగర్‌కు ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఒక్కోటి నాలుగైదు వేలు, నెలంతా పెడితే పది వేల దాకా.

అక్కకు పన్నెండేళ్లుగా షుగర్. అన్నం మానేసి రాత్రి రెండు ముద్దలు రాగి సంగటి తింటే మంచిదని ఆమె నమ్మకం. పోయిన ఏడాది ఒక్క సెన్సారు, ఒక్క రెండు వారాలు పెట్టించాను. సంగటికీ గీత బాగానే లేచింది. సంగట్లో నూక కూడా ఉంటుంది కదా, అదీగాక ముద్ద ముద్దే. ఒక ముద్ద తగ్గించి, ఆకుకూర పెంచి, తిన్నాక అరగంట వాకిట్లో నడిచిన రోజున గీత సగం కూడా లేవలేదు. ఆ రెండు వారాల్లో నేర్చుకున్నది ఇప్పటికీ పాటిస్తోంది. ఇన్సులిన్ వాడేవాళ్లకు, రాత్రిపూట షుగర్ పడిపోయేవాళ్లకు సెన్సారు ఎప్పుడూ ఉండటం మేలు. మాత్రలతో నడిచేవాళ్లకు ఏడాదికి రెండుసార్లు చాలు. మందుల డోసు మాత్రం ఫోను చూసి మార్చొద్దు, డాక్టరును అడగండి.

కళ్లజోడు

రేబాన్ మెటా 2025లో మన దేశానికొచ్చింది, 29,900 నుంచి మొదలు. ఫొటో తీస్తుంది, పాట వినిపిస్తుంది, ఎదురుగా ఏముందో చెబుతుంది. ఫోను లేకపోతే, నెట్ లేకపోతే అది ఉత్త ఫొటోలు తీసే చలువ అద్దాలు. మన వాళ్లకు ఇంకో చిక్కు: శ్రీవారి దర్శనానికి ఫోను, కెమెరా రెండూ నిషిద్ధం. కెమెరా ఉన్న కళ్లజోడూ కెమెరాయే. అది చూపుకు వాడేది కూడా అయితే లోపల గుడ్డిగా నిలబడాలి! చూపు మందగించిన వాళ్లకు ఇది నిజంగా సాయం చేయగల వస్తువు, వాళ్లు మాత్రం షాపులో తెలుగులో మాట్లాడి, తెలుగు బోర్డు చూపించి పరీక్షించి కొనండి. మిగతావాళ్లు ఆగండి.

పొరక పట్టే రోబోలు రెండు రకాలు

బావ రాసింది మనిషి ఆకారపు రోబో. 1ఎక్స్ అనే కంపెనీ 2025 అక్టోబరులో నియో అనే దానికి ముందస్తు బుకింగ్ తెరిచింది, 20 వేల డాలర్లు. బావ మూడు లక్షలకు దాని ఒక కాలు కూడా రాదు. అదొక్కటే కాదు, దానికి చేతకాని పని వస్తే కంపెనీ మనిషి ఎక్కడో కూర్చుని దాని కళ్లలోంచి మన ఇల్లు చూస్తూ నడిపిస్తాడు. పనిమనిషి ఇంట్లోకి రావడం వేరు, ముఖం తెలియని పనిమనిషి రావడం వేరు.

ఊడ్చి తుడిచే గుండ్రటి రోబో మాత్రం పాతిక వేలకు పనికొచ్చే వస్తువు. తిరగడానికి లేజర్ వాడేది, కెమెరా వాడేది అని రెండు రకాలు. లేజరుది తీసుకోండి, చీకట్లోనూ తిరుగుతుంది, ఇంటి బొమ్మలు తీయదు. నెట్ లేకపోయినా మీట నొక్కితే ఊడ్చేదే కొనండి. దాని అసలు శత్రువు మన గడప. రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటితే చాలావాటికి చేతకాదు. పాత ఇంట్లో ప్రతి గదికీ గడపే, ఒక గదిలోంచి ఇంకో గదికి ఎత్తుకుని తిప్పాలి. అలాంటప్పుడు పొరకే నయం. బావది కొత్త ఇల్లు, పూజగదికి తప్ప గడపల్లేవు. స్కేలుతో కొలిచాకే సరేనన్నాను.

గాలి నీళ్ల మిషనుకు ఎక్కువ మాటలు దండగ. గాలిలో తేమను చల్లబరిచి నీరు చేస్తుంది, లీటరుకు 0.3 నుంచి 0.5 యూనిట్ దాకా కాలుతుంది. 8.75 స్లాబులో లీటరు మూడు నాలుగు రూపాయలు, క్యాను నీళ్ల కంటే ఖరీదు. అదీగాక నీళ్లు బాగా పడేది గాలిలో తేమ నిండుగా ఉన్న వానాకాలంలో, నీళ్లు కావాల్సింది మే నెలలో. ఎడారి గాలిలోంచి కూడా నీళ్లు పట్టగల, స్పాంజిలా సన్నటి రంధ్రాలున్న ఎంఓఎఫ్ పదార్థాలకు 2025లో రసాయన నోబెల్ వచ్చింది. కితగావా, రాబ్సన్, యాగీలకు ఇచ్చారు. అవి సామాన్యుడి ధరకు దిగినప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

డ్రోను: కొనొద్దు, పిలిపించుకోండి

బావకు పూతలపట్టు వైపు నాలుగెకరాల తోతాపురి, పక్కనే ఎకరం చెరకు ఉన్నాయి. డ్రోను కొంటానని ఉబలాటం. మందు కొట్టే డ్రోను లక్షల్లో ఉంటుంది, నడిపేవాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. డ్వాక్రా సంఘాలకు డ్రోన్ దీదీ పథకంలో 80 శాతం, ఎనిమిది లక్షల వరకు సాయం ఇచ్చారు. అలా తీసుకున్న సంఘాలను అద్దెకు పిలిస్తే సరిపోతుంది.

ఏ పంటకు అన్నదే అసలు పోలిక. చెరకు ఎదిగాక మనిషి లోపలికి దూరలేడు, అక్కడ డ్రోను వరం. వేరుశనగ, వరికీ బాగుంటుంది. పాతికేళ్ల మామిడి చెట్టుకు మాత్రం పైనుంచి చల్లిన మందు పై ఆకుల మీదే ఆగుతుంది. తేనెమంచు పురుగు దాక్కునేది బెరడు సందుల్లో, లోపలి కొమ్మల్లో. దానికి కిందినుంచి పవర్ స్ప్రేయరుతో తడపాల్సిందే. దగ్గరదగ్గరగా నాటి, కొమ్మలు కత్తిరించి పొట్టిగా పెంచిన కొత్త తోటలైతే డ్రోనుకు లొంగుతాయి.

ఎగిరే టాక్సీ సంగతి అడగనే లేదు బావ, తానే కొట్టేశారు. కొండ మీదుగా ఏదీ ఎగరకూడదని ఆగమం చెబుతుంటే మన ఊళ్లో దాన్ని ఎక్కడ తిప్పుతాం?

అంతా విన్నాక అక్క వంటింట్లోంచి వచ్చి, "మరి ఫ్యాన్లు?" అంది. లిస్టులో లేని వస్తువు. వాళ్లింట్లో ఆరు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటరు ఫ్యానుకు 30 చాలు. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఆరింటి మీద నెలకు 97 యూనిట్లు మిగులుతాయి, అన్నీ 8.75 స్లాబులోంచే. నెలకు 850 రూపాయలు. ఆరు ఫ్యాన్లు పద్దెనిమిది వేలు, అంటే రెండేళ్లలోపే తేరుకుంటుంది. లిస్టులో ఇంకేదీ అంత తొందరగా డబ్బు తిరిగివ్వదు. పైగా ఫ్యాన్లు ముందు మారిస్తే వాడకం 250కి దిగుతుంది, అప్పుడు మూడు కిలోవాట్ల సోలారు కాదు, రెండు సరిపోతాయి.

బావ కాగితం వెనక్కి తిప్పి, మొదటి వరసలో ఫ్యాన్లు అని రాసుకున్నారు. రెండు కిలోవాట్ల హైబ్రిడ్, ఊడ్చే రోబో, అక్కకు రెండు సెన్సార్లు ఆ కిందికి వచ్చాయి. ఇంకా లక్ష దాకా మిగిలింది. అది దేనికని నేను అడిగేలోపే అక్క కాగితం మడిచి కొంగున కట్టుకుంది.